గిల్బర్ట్ మపూమా మరణవార్త

శనివారం పత్రిక రాగానే మోండె గుల్వా ముందు తీసేది చావుల పేజీయే. మంత్రులు ఏమన్నారో, రగ్బీలో ఎవరు గెలిచారో తర్వాతి సంగతి. వాకిట్లో ఎండకు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, ఒక్కొక్క పేరూ ఒక్కొక్క వంశమూ తీరిగ్గా చదువుతాడు. పక్కవీధి తొజామా టీ తాగడానికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అదే మాట అంటుంది.

"ఏం టోలో, ఇవాళైనా నీ పేరు కనబడిందా?"

"ఇంకా లేదు. వచ్చేవారం చూద్దాం."

"చూడు, చూడు. నా మొగుణ్ణి ఆ పేజీలోనే కదా మింగేశావు. ఒక్క పూట వండిపెట్టే భాగ్యం కూడా దక్కలేదు నాకు."

ఇద్దరూ పగలబడి నవ్వుకుంటారు. టోలో అన్నది మోండె వంశం పేరు. మర్యాద తెలిసినవాళ్ళు ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. తొజామాకు మర్యాద తెలుసు, కానీ అది పిలుపుతోనే అయిపోతుంది. నవ్వు ఆగాక మాత్రం ఆ పాత రోజులు గుర్తొస్తాయి. ఎంత పాడు రోజులవి! పోలీసులు, జైళ్ళు, పస్తులు. అయినా అవి మళ్ళీ రావని తలుచుకుంటే మోండెకు ప్రాణం ఉసూరుమంటుంది.

అప్పట్లో మోంటి పట్టణంలో తెల్లవాళ్ళు నడిపే పత్రిక ఒకటుండేది. అందులో మనవాళ్ళ ఖోసా భాషకు వారానికి నాలుగు పేజీలు విదిల్చేవాళ్ళు. ఆ నాలుగు పేజీలకూ విలేకరి మోండె, ప్రూఫులు దిద్దేది మోండె, పాఠకుల ఉత్తరాలు రాని వారం వాటిని రాసుకునేదీ మోండెయే. పైన ఒక ముసలి సంపాదకుడు ఉండేవాడు. చుట్ట నోట్లోంచి తీయకుండా తిట్టడం ఆయన విద్య. కింద అచ్చు యంత్రం కదిలితే పై అంతస్తులో టీ కప్పులు గలగలమనేవి. ఆ మోత లేని గదిలో మోండెకు ఇప్పటికీ సరిగ్గా రాయబుద్ధి కాదు.

పగలు పత్రిక పని, సాయంత్రం యూనియన్ పని. రెంటికీ మధ్య రైలు. మోంటి నుంచి మనవాళ్ళుండే మదంత్సానె పేటకు పోయే సాయంత్రపు బండిలో వెనకనుంచి మూడో పెట్టె వాళ్ళది. సబ్బుల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఎక్కగానే పెట్టెంతా చవక సబ్బు వాసన కొట్టేది. ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకునేవాళ్ళు, మిగిలినవాళ్ళు కాళ్ళతో తాళం వేసేవాళ్ళు. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య మోండె లేచి యూనియన్ కబుర్లు చెప్పేవాడు. వేడివేడి గ్విన్యా బూరెలు నూనె కారుతూ చేతులు మారేవి. ఆ నూనె వేళ్ళతోనే సభ్యత్వ కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్ళు. తర్వాత కాలం మారింది, యూనియన్‌కు ఆఫీసు వచ్చింది, మోండెకు బల్లా టెలిఫోనూ వచ్చాయి. ఆ రైలు పెట్టెలాంటి ఆఫీసు మాత్రం మళ్ళీ దొరకలేదు.

ఒక ఏడు చలికాలంలో సబ్బుల ఫ్యాక్టరీవాళ్ళు యూనియన్ బ్యాడ్జీ పెట్టుకున్న పాపానికి ముగ్గురు ఆడవాళ్ళను పనిలోంచి గెంటేశారు. సమ్మె చెయ్యాలా వద్దా తేల్చుకోవాలి. యూనియన్‌లో ఒక పట్టింపు ఉండేది. నలుగురు నాయకులు తలుపేసుకుని తేల్చేస్తే కుదరదు. అందరూ ఒకచోట చేరాలి, ఎవరి మాట వాళ్ళు అందరి కళ్ళెదుటా చెప్పాలి. సరిగ్గా అప్పుడే సర్కారు సభలన్నీ నిషేధించింది. రైలు పెట్టెల్లోకి కూడా మఫ్టీ పోలీసులొచ్చి కీర్తనలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇక పదిమంది కూడగలిగే చోటు ఒక్కటే మిగిలింది, చావిల్లు. చావింటి గడప దాటాలంటే పోలీసుకైనా జంకే.

"అయితే ఎవరో ఒకళ్ళు చావాలి," అంది తొజామా. అప్పుడామె సబ్బు కడ్డీలు కోసే యంత్రం మీద పనిచేసేది. మొగుడు లేడు, నోటికి అదుపూ లేదు.

"చంపుదాం," అన్నాడు మోండె.

అలా పుట్టాడు గిల్బర్ట్ మపూమా. పుడుతూనే పోయాడు.

చావు ప్రకటనల దగ్గర ముసలి సంపాదకుడికి ఒక మూర్ఖపు పట్టు ఉండేది. వంశం పేరు లేకపోతే వేసుకోడు. "ఇంటిపేరుదేముందోయ్, పట్నంలో ఉండనిచ్చే పాసు కాగితం కోసం మనవాళ్ళు చొక్కా మార్చినట్టు మారుస్తారు. వంశం రాయి. అది లేకపోతే చచ్చింది ఎవడని ఏడవాలి?" అని గదమాయించేవాడు. ఇది దొంగచావని ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన ఉద్యోగానికి ముప్పు.

మోండె ఆలోచించాడు. చుట్టుపక్కల వంశం ఏది రాసినా, ఆ వంశస్థులంతా దుప్పట్లు కప్పుకుని దిగిపోతారు. దూరపుది కావాలి. అప్పుడు గుర్తొచ్చాడు ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునే వెలిలె. హాస్టల్లో ఒంటరిగా ఉండే మనిషి. మాటకారి కాదు. రైల్లో ఒకసారి ఎవరో ఊరు అడిగితే, "ట్సోలో వైపు. జోలాలం. నేను చస్తే అక్కణ్ణించి కుక్క కూడా రాదు," అని కిటికీవైపు తిరిగిపోయాడు. కుక్క కూడా రాని ఊరంటే మోండెకు కావలసింది అదే. ట్సోలో ఎన్ని కొండల అవతల ఉంది!

జోలా వంశస్థుడు, ట్సోలో జిల్లా నుంచి చాలాకాలం కిందట మోంటికి పనికి వచ్చిన గిల్బర్ట్ మపూమా తన ఇంట్లో కన్నుమూశాడనీ, శనివారం మధ్యాహ్నం ప్రార్థనలనీ రాసి, తొజామా ఇంటి చిరునామా వేశాడు. వంశాన్ని కీర్తిస్తూ రెండు పంక్తులు కూడా చేర్చాడు. చదువుకుని తనే మురిసిపోయాడు. లేనివాడి మీద ఇంత చక్కగా రాయడం ఇంకెవరికి చేతనవుతుంది?

ఆ శనివారం తొజామా ఇల్లు చూడవలసిందే. ముందుగదిలో సామానంతా పెరట్లోకి పోయింది. నేల మీద ఒక పరుపు, దాని మీద గోడకు ఆనుకుని నల్లశాలువా కప్పుకున్న తొజామా. మొగుడు పోయిన ఆడది పరుపు దిగకూడదు, పెద్దగా మాట్లాడకూడదు. పరుపు సంగతి ఎలా ఉన్నా, ఆ రెండోదానితో ఆమెకు ప్రాణం మీదికొచ్చింది.

"టోలో, ఇలా రా. నా మొగుడు ఎలాంటివాడో ముందే చెప్పు. ఎవరన్నా అడిగితే నీళ్ళు నమలకూడదు కదా. తాగేవాడా?" అని గుసగుసలాడింది.

"నీ ఇష్టం."

"తాగడు. ఆదివారం చర్చికి కూడా వచ్చేవాడు. అబ్బ, అంత మంచివాడు పోయాడంటే ఏడుపు దానంతటదే వస్తోంది."

నిజంగానే ఏడ్చింది కూడా. మోండె నవ్వు ఆపుకోలేక టోపీలో మొహం దాచుకున్నాడు.

మనుషులు ముందుగది నిండి, వంటగది నిండి, పెరట్లోకి పారారు. గేటు బయట తెల్లకారులో ఇద్దరు పోలీసులు. వాళ్ళలో సార్జెంటు మన భాషవాడే. చావిల్లు కదా అని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ, చూపు కిటికీ మీదే ఉంది. అందుకే ఓటింగు ఇలా అనుకున్నారు. బోధకుడి వేషం కట్టిన కమిటీ పెద్ద కీర్తన ఎత్తుకుంటాడు. సమ్మె కావాలన్నవాళ్ళు మూడో చరణానికి లేచి నిలబడాలి. వద్దన్నవాళ్ళు కూర్చునే పాడాలి. బయటినుంచి చూసేవాడికి భక్తి తప్ప ఏమీ కనబడదు.

రెండో చరణం సగంలో ఉండగా తలుపు దగ్గర పాట తడబడింది.

గుమ్మంలో ఒక పెద్దామె నిలబడి ఉంది. కాళ్ళకు దారి దుమ్ము, భుజాన దుప్పటి, చేతిలో ముళ్ళరేగు కొమ్మ. కొమ్మ చూడగానే గదిలో అందరూ ఒదిగి దారిచ్చారు. దాన్ని పట్టుకుని ఎవరూ ఊరికే రారు. పరాయిచోట పోయినవాడి ప్రాణాన్ని పిలిచి, ఆ కొమ్మ మీద ఇంటికి తీసుకుపోవడానికి వస్తారు.

ఆమె తిన్నగా వచ్చి పరుపు అంచున కూర్చుని తొజామా చెయ్యి పట్టుకుంది.

"నేను మాజోలాని, జోలాల ఆడపడుచుని, ట్సోలో నుంచి. మా ఊరి కొట్టు దగ్గర పంతులు పత్రిక చదివి వినిపించాడు. మపూమా మా ఇంటిపేరు కాదు. గిల్బర్టు అని మేం పెట్టనూ లేదు. ఈ పట్నంలో పేర్లు మార్చుకోనిదే బతకనివ్వరట కదా. వంశాన్ని ఎక్కడ మార్చుకుంటాడు? ట్సోలో నుంచి మోంటికి వచ్చి మళ్ళీ ఇంటి మొహం చూడని జోలా ఒక్కడే ఉన్నాడు, నా తమ్ముడు వెలిలె."

తొజామా నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె జన్మలో అదే మొదటిసారి.

"భయపడకు మరదలా, నీతో తగువుకు రాలేదు. ఒంటిని నువ్వే ఉంచుకో, ఇక్కడే పూడ్చుకో. ప్రాణాన్ని మాత్రం నాతో పంపించు. పశువుల దొడ్డి దగ్గర మా పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఎద్దును కట్టేసి ఉంచారు." ఆమె గొంతు తగ్గించింది. "నిన్ను బాగా చూసుకున్నాడా?"

"చూసుకున్నాడు వదినా."

"తాగేవాడా?"

"లేదు వదినా."

"అయితే మారాడన్నమాట," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కిటికీ దగ్గర నిలబడ్డ మోండె అంతా విన్నాడు. కుక్క కూడా రాదన్న ఊరినుంచి అక్క వచ్చింది. అతను వంటగదిలోకి దూరాడు. పొయ్యి మీద పెద్ద డేగిసాలో చిక్కుళ్ళూ మొక్కజొన్న గింజలూ ఉడుకుతున్నాయి. దాని వెనక, గోడవైపు తిరిగి, వెలిలె ముడుచుకుని కూర్చున్నాడు.

"మీ అక్క," అన్నాడు మోండె.

"తెలుసు. గొంతు విన్నాను."

"లే మరి."

"లేవను. నీ కాళ్ళు పట్టుకుంటాను టోలో, చెప్పకు. మొదటి ఏడు పని దొరకలేదు, ఉత్తచేతులతో పోలేకపోయాను. రెండో ఏడు పోతే మొదటి ఏడు ఏమయ్యావంటారు. ఆ తర్వాత అమ్మ పోయిందని ఆలస్యంగా తెలిసింది. ఇంక ఏ మొహం పెట్టుకుని పోను? చచ్చాననే అనుకోనీ. చచ్చినవాణ్ణి ఎవరూ తిట్టరు."

"ఒరే, బతికుండగానే కర్మ చేస్తార్రా నీకు! ఎద్దును కోసి నిన్ను పోయిన పెద్దల్లో కలిపేస్తారు. ఆ తర్వాత నువ్వెవరివి? రేపు నిజంగా పోతే నిన్ను పిలవడానికి ఎవరొస్తారు?"

వెలిలె తలెత్తి చూశాడు. "నన్ను చంపింది నువ్వు. చంపేముందు అడిగావా?"

మోండెకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళు అందరి కష్టాలూ రాసినవాడు, ఒక మనిషి ఒంటరితనాన్ని అనువుగా ఉందని వాడుకున్నాడు.  ఇప్పుడు గట్టిగా నిజం చెబితే బయట సార్జెంటు వింటాడు, సమ్మె సంగతి అటుంచి ఇంటినిండా ఉన్నవాళ్ళంతా జైలుకు పోతారు. చెప్పకపోతే ఆ పెద్దామె వట్టి కొమ్మను మోసుకుపోయి బతికున్న తమ్ముణ్ణి పూడ్చేస్తుంది. ఓటు అయిపోగానే తనే వెళ్ళి చెబుతాననీ, ఆమె ఏం చేసినా పడతాననీ అనుకున్నాడు.

కానీ ఆమె ఓటు దాకా ఆగలేదు.

"ఎక్కడ పోయాడు?" అని అడుగుతోంది ముందుగదిలో. తొజామా చేతకాక పరుపు మీద తట్టింది. పెద్దామె లేచి, కొమ్మను పరుపుకు ఆనించింది. బోధకుడు మూడో చరణం ఎత్తుకోవాలా వద్దా అని దిక్కులు చూశాడు. ఎవరూ కదల్లేదు. 

"జోలా! వెలిలె! అమ్మ కడసారపు కొడుకా!" ఆమె గొంతులో ఏడుపు లేదు, పొలంలో ఆటలాడే పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టుంది. "అక్కను వచ్చాను. ఇది నీ చోటు కాదు నాయనా. లే. చలిలో ఎన్నాళ్ళుంటావు? ఎవరూ నిన్ను ఏమీ అనరు. అమ్మ కూడా ఏమీ అనుకోలేదు. లే, ఇంటికి పోదాం."

ఆగింది. ప్రాణం లేచి రావడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి. మళ్ళీ పిలిచింది.

"వెలిలె! లే నాయనా. ఇంటికి పోదాం."

వంటగదిలో డేగిసా మూత కిందపడ్డ చప్పుడైంది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తొలిగారు. వెలిలె వచ్చి పరుపుకు ఇవతల మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"వచ్చానక్కా," అన్నాడు.

ఆమె అతణ్ణి చూసింది. కొమ్మను చూసింది. మళ్ళీ అతణ్ణి చూసింది.  అప్పుడు ఆ ముళ్ళరేగు కొమ్మ పైకి లేచి ఫెడీమని వెలిలె వీపు మీద పడింది.

"ఇరవై ఏళ్ళురా! ఇరవై ఏళ్ళు! అమ్మ వాకిట్లో కూర్చుని కళ్ళు పోగొట్టుకుందిరా! పట్నం బస్సు కనబడితే చాలు, దుప్పటి దులుపుకుని లేచేదిరా!" మాటకో దెబ్బ. ఆకులు రాలుతున్నాయి, ముళ్ళు గీరుకుంటున్నాయి. వెలిలె చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ దెబ్బల కోసమే ఎదురుచూసినట్టు వీపు వంచి ఉన్నాడు.

బయట కారు తలుపు తెరుచుకుంది. "ఏమిటా గొడవ?" అంటూ సార్జెంటు గేటు దాకా వచ్చాడు.

తొజామాకు పోయిన నోరు తిరిగొచ్చింది. పరుపు మీదనుంచే కిటికీలోకి మెడ సాచి అరిచింది. "అత్తింటివాళ్ళు సార్! మరిది ఆలస్యంగా వచ్చాడని ఆడపడుచు వాయిస్తోంది! మీ ఇళ్ళల్లో ఎవరూ చావలేదా ఏం?"

సార్జెంటు మొహం మీదికి నవ్వు వచ్చింది. "చావకేం? మా నాన్న పోయినప్పుడు ఇంతకంటే ఎక్కువే అయింది," అన్నాడు. ఇలాంటి దెబ్బలాట నటన కాదని అతనికి బాగా తెలుసు. కారు తిప్పుకుని వెళ్ళిపోయారు.

బోధకుడు ఎవరూ చెప్పకుండానే మూడో చరణం ఎత్తుకున్నాడు. ముందు పెరడు లేచింది, తర్వాత వంటగది, తర్వాత ముందుగది. వీపు నెత్తురోడుతూ వెలిలె లేచాడు. పరుపు దిగకూడని తొజామా పరుపు మీదే నిలబడింది. సంగతేమిటో తెలియని మాజోలా కూడా అందరితోపాటు నిలబడి పాడింది. ఆమె ఓటును ఎవరూ కొట్టివేయలేదు. ఆ పాట మోండె ఆ తర్వాత ఎన్నో పెద్ద సభల్లో, మైకుల ముందు, జెండాల కింద విన్నాడు. అంత బాగా ఎక్కడా వినలేదు. సోమవారం ఫ్యాక్టరీ బాయిలర్ వెలగలేదు. ఆ చలికాలమంతా సమ్మె నడిచింది, గెంటేసిన ముగ్గురూ తిరిగి పనిలోకి వచ్చారు.

పాట అయ్యాక మోండె టోపీ తీసి పెద్దామె ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. గిల్బర్టు లేడనీ, చావు లేదనీ, అంతా తన రాతేననీ. ఆమె సాంతం విని తొజామావైపు తిరిగింది.

"అయితే ఈ పిల్లకు మొగుడే లేడా?"

"లేడమ్మా."

"పాపం, ఎంత బాగా ఏడ్చింది!" తర్వాత మోండెను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు రాయకపోతే నేను వచ్చేదాన్ని కాదు. అందుకని నిన్ను కొట్టడం లేదు. ఇంకెప్పుడైనా ఎవర్నైనా చంపాలనిపిస్తే, మీ టోలోలనే చంపుకో. మా వాళ్ళ జోలికి రాకు."

"రాను తల్లీ."

సాయంత్రం బస్సుకు మోండె వాళ్ళను దిగబెట్టడానికి వెళ్ళాడు. స్టాండులో జనం, మూటలు, కోళ్ళు. వెలిలె ఒంటి మీద ఎవరిదో కోటు, చేతిలో ఏమీ లేదు. టికెట్ కిటికీ ముందు బారెడు వరస ఉంది. అది చూసి అతను బెదిరిపోయాడు.

"అక్కా, నాకు టికెట్ లేదు. ఇప్పుడు దొరకదు. రేపొస్తాను, నువ్వు పద."

మాజోలా రవికెలోంచి చేతిరుమాలు తీసి, దాని ముడి విప్పింది. అందులో రెండు టికెట్లున్నాయి. రెండూ ట్సోలోకే.

"వచ్చేటప్పుడే కొన్నాను," అంది. "కొమ్మను ఒళ్ళో పెట్టుకుంటే సరిపోదు కదా. నీకు సీటు కావాలి."

వెలిలె తన ప్రాణం కోసం కొన్న సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కొత్త పెళ్ళికొడుకులా బిగుసుకుపోయాడు. కింద నిలబడ్డ మోండెకు కళ్ళు నిండి ఏమీ కనబడలేదు, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బస్సు కదిలేముందు మాజోలా తమ్ముడివైపు చూడకుండానే భుజం మీది దుప్పటి తీసి, సగం అతని మోకాళ్ళ మీద కప్పింది.

"కొండల మీద చలి ఎక్కువ," అంది. "కాళ్ళు లోపలికి పెట్టుకో."